ఘంటసాలవారి భగవద్గీత రికార్డు - శ్రోతలిచ్చిన తీర్పు

ఉగాది సంచికలలో ఏటేటా రాజుల చరిత్రలు, ఆలయముల చరిత్రలు చదువుచునే యున్నాము. అవి ఉండవలసినవే. అయితే ఒక గ్రామఫోను రికార్డునకు కూడ చరిత్ర కలదనియు, ఆ చరిత్ర మాలూరునకు, బంగారుపేటకు నడుమనున్న మన టేకల్ వంటి చిన్న స్టేషను దాక వచ్చి చేరినదనియు చెప్పుటకు ఈసారి సాహసించుచున్నాము. మేము సంగీతము నేర్చినవారము కాము. మెట్రిక్యులేషను చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనువారము. కాని పాట వినుటకు పరీక్ష ప్యాసు కానక్కరలేదు గనుక, విన్నవారు ఆ పాటను ఏమి చేసినారు అను సంగతిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు మాకును అధికారము కలదని తలచుచున్నాము.

పాశ్చాత్య దేశములలో ఒక ఆల్బము వెలువడినంతనే పత్రికలవారు దానిని త్రాసులో వేసి తూచెదరు. అక్కడ అదొక వృత్తి. బీటిల్స్ అను నలుగురు ఆంగ్లేయ యువకుల రాక్ బృందము 1967లో 'సార్జెంట్ పెప్పర్' అను పేరు గల ఆల్బము తీసికొని రాగా లోకమంతయు ఆహా యనినది. న్యూయార్క్ టైమ్స్ పత్రికలో మాత్రము రిచర్డ్ గోల్డ్‌స్టీన్ అను విమర్శకుడు దానిని తప్పుపట్టి పాఠకుల కోపమునకు గురియైనాడు. 1969లో లెడ్ జెప్పెలిన్ అను మరియొక బృందము తన మొదటి ఆల్బమును విడుదల చేసినప్పుడు రోలింగ్ స్టోన్ పత్రిక దానిని తీసిపారవేసినది. 2003లో అదే పత్రిక ఐదువందల ఉత్తమ ఆల్బముల జాబితా కట్టి, ఆనాడు తాను తీసిపారవేసిన ఆల్బమునకే 29వ స్థానము ఇచ్చినది. ముప్పది నాలుగేండ్లలో పాటలో ఒక్క స్వరమైనను మారలేదు. మారినది సిరా మాత్రమే.

మన తెలుగువారిలో రికార్డులకు అటువంటి కచేరీ, అటువంటి న్యాయాధిపతులు ఉన్నట్లు కనబడదు. సినిమాలకు సమీక్షలు కలవు, పుస్తకములకు కలవు. రికార్డునకు మాత్రము వినువారే న్యాయాధిపతులు. వారి తీర్పు కాగితముపై ఉండదు. ఏ వేళ, ఏ యింట, ఎవరి కొరకు ఆ రికార్డు పెట్టినారో అందులోనే ఉండును. ఈ విధమైన తీర్పులలో మాకు తెలిసినంతలో మిక్కిలి విచిత్రమైనది ఘంటసాలవారి భగవద్గీతకు వచ్చిన తీర్పు.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణా జిల్లా గుడివాడ ప్రాంతములోని చౌటపల్లిలో జన్మించినారు. తండ్రి సూరయ్యగారు నారాయణ తీర్థుల తరంగములు పాడు భక్తులు. భజనలో తండ్రి పాడుచుండగా బాలుడు చిందులు వేసెడివాడట. తండ్రి చిన్ననాడే పోయినారు. విజయనగరము చేరి, వారములు చెప్పుకొని, మాధుకరమెత్తి, పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద సంగీతము నేర్చినారు. 1942 ఉద్యమములో కారాగారమునకు పోయి వచ్చినారు. తరువాత మదరాసు, సినిమాలు, కీర్తి, 1970లో పద్మశ్రీ. 1971లో జర్మనీ, ఇంగ్లండు, అమెరికాలకు వెళ్లి అక్కడి తెలుగువారికి పాడి వచ్చినారు. ఇదంతయు పాఠకులకు తెలిసినదే గనుక త్వరగా ముగించుచున్నాము. ఒక్క సంగతి మాత్రము జ్ఞాపకముంచుకొనవలెను. ఆయన పాట మొదలైనది స్టూడియోలో కాదు, పల్లెటూరి భజనలో.

1972 నాటికి ఆయనకు గుండెజబ్బు, చక్కెర వ్యాధి రెండును పట్టుకొన్నవి. ఆస్పత్రి నుండి ఇంటికి వచ్చిన పిదప గీత పాడవలెనని సంకల్పించినారు. గీత పూర్తి చేసిన తరువాత ఇక సినిమా పాటలు పాడరాదని కూడ అనుకొనిరట. ఏడువందల శ్లోకములలో నూరు పైచిలుకు ఏరుకొని, రాగములు కూర్చుకొని, గురుపుత్రులును, ఏండ్ల తరబడి తమకు సహాయకులును అయిన పట్రాయని సంగీతరావుగారి తోడ్పాటుతో హిజ్ మాస్టర్స్ వాయిస్ వారికి, అనగా మనవారి నోట కుక్కబొమ్మ కంపెనీకి, పాడి యిచ్చినారు. 1974 ఫిబ్రవరి 11వ తేదీన ఆయన కన్ను మూసినారు. రికార్డు ఆ తరువాతనే జనమునకు అందినది. కంఠము ఇంటికి వచ్చు నాటికి మనిషి లేడు. ఈ యొక్క సంగతి ఆ రికార్డు జాతకమును సగము వ్రాసినదని మా నమ్మకము.

పాత రికార్డులు నిమిషమునకు డెబ్బదియెనిమిది చుట్లు తిరిగి మూడు నిమిషములు దాటగానే ఆగిపోయెడివి. కరుణశ్రీగారి పుష్పవిలాపము పద్యములు ఘంటసాలవారి నోట అట్టి రికార్డు మీదనే ఇంటింటికి వెళ్లినవి. లాంగ్ ప్లే రికార్డు వచ్చిన తరువాత ప్రక్కకు ఇరువది నిమిషములు దొరికినవి. గీత వంటిది పాడుటకు వీలు కలిగినది అందువలననే. శ్లోకమును రాగముతో పాడి, వెంటనే దాని తాత్పర్యమును ఆయనే తెలుగు వచనములో పలికినారు. పండితుడు చెప్పినట్లు కాదు, సినిమాలో డైలాగు చెప్పినట్లును కాదు. అరుగు మీద కూర్చుండి తెలిసిన పెద్దమనిషి నిదానముగా చెప్పినట్లుండును. ళకారమునకు ళకారము, ణకారమునకు ణకారము, ఒత్తులకు ఒత్తులు. కొన్ని చోట్ల ఊపిరి ఆగి ఆగి వచ్చుట వినబడును. అది జబ్బు వలననో, భక్తి వలననో విడదీసి చెప్పుట మా చేతకాదు.

ఆ కాలమునందే మరియొక రికార్డు దక్షిణ దేశమునంతటిని ఏలుచుండెను. 1963లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడిన వేంకటేశ సుప్రభాతము. దానిని తెల్లవారుజామున తప్ప వేరొకప్పుడు ఎవరును పెట్టరు. స్వామిని మేలుకొలుపు పాట గనుక ఆ వేళ దానికి సహజముగానే అమరినది. రికార్డులో ఏమున్నదో, దానికి జనులిచ్చిన వేళయు అదియే. గీత విషయములో ఇట్లు జరుగలేదు. గీత ఎక్కడ చెప్పబడినది? యుద్ధభూమిలో. ఎవరికి? ఒంట్లో సత్తువ ఉండియు విల్లు క్రింద పడవేసి కూలబడిన వానికి. ఎందుకు? లేచి తన పని తాను చేయుటకు. పోయినవారి ఊసు రెండవ అధ్యాయమున వచ్చును, చినిగిన బట్ట విడిచి కొత్త బట్ట కట్టుకొను పోలికయు అక్కడనే వచ్చును, నిజమే. తక్కినదెల్ల బ్రతికియున్నవాడు ఎట్లు బ్రతుకవలెనను మాటయే. అయినను శ్రోతలు దానిని తీసికొనిపోయి ఎక్కడ పెట్టినారో మనకందరకు తెలియును.

మొదట అట్లు లేదని పెద్దలు చెప్పుదురు. మేము పుట్టక మునుపటి మాట. శ్రీరామనవమి పందిళ్లలో, గుడి మైకులలో, ఇంట రేడియోగ్రాము గలవారి వసారాలలో ఉదయము పూట గీత వినబడెడిదట. లాంగ్ ప్లే రికార్డును మోసికొనిపోవుట కష్టము. యంత్రము కావలెను, కరెంటు కావలెను, ముల్లు అరగకుండ చూచుకొనవలెను. తరువాత క్యాసెట్టు వచ్చినది. నాలుగు బ్యాటరీలు వేసిన టేపు రికార్డరును సంకన పెట్టుకొని ఎవరింటికైనను పోవచ్చును. అందుచేత గీత వసారా దాటి వీధిలోనికి వచ్చినది. వీధిలో దాని కొరకు ఒక ఖాళీ చోటు అప్పటికే సిద్ధముగా నుండెను. ఈ ఖాళీ చోటు ఏమిటో తెలియవలెనన్నచో మన కోలారు ప్రాంతపు ఆచారము కొంత చెప్పవలెను.

ఇక్కడ పూర్వము ఒక యింట మనిషి పోయినచో భజనవారిని పిలిచెడివారు. హార్మోనియము, డోలకు, తాళములు పెట్టుకొని శవము చెంత తెల్లవార్లు తత్వములు పాడుట వాడుక. వేమన్నవి, పోతులూరి వీరబ్రహ్మముగారివి, అన్నిటికంటె మన కైవారము తాతయ్యవి. కైవారము నారాయణ తాతయ్య గాజులమ్ముకొని బ్రతికి యోగియైనవారు. 1726లో పుట్టి 1836 దాక నూటపది సంవత్సరములు జీవించినారని భక్తుల విశ్వాసము. కైవారము చింతామణి తాలూకాలోనిది; 2007లో చిక్కబళ్లాపురము జిల్లా విడిపోవు వరకు కోలారు జిల్లాయే. ఆయన పాటలలో తెలుగే ఎక్కువ. కన్నడ బడులలో చదువుకొన్నవారు, తెలుగు అక్షరము ముక్క రానివారు కూడ తాతయ్య తత్వములను నోటికి పాడుటను మేము ఎన్నోసారులు విన్నాము. ఈ ప్రాంతములో తెలుగు కంటితో చదువబడిన భాష కాదు, చెవితో నిలిచిన భాష. అక్షరము లేకపోయినను అర్థము పోలేదు.

అయితే భజన బృందములు క్రమముగా తగ్గిపోయినవి. పాడెడి పెద్దలు పోయిరి. కుర్రవారు బెంగుళూరు పనులకు తెల్లవారుజాము బండ్లు పట్టసాగిరి. 2001 ఫిబ్రవరి 28వ తేదీన కోలారు బంగారు గనులు మూతపడిన తరువాత ఈ ప్రయాణము మరింత హెచ్చినది. మారికుప్పము నుండి వచ్చు బండ్లలో నిలుచుటకు చోటుండదు. పగలంతయు పని చేసి వచ్చినవాడు రాత్రియంతయు శవము వద్ద కూర్చుండి తాళము వేయగలడా? ఆ తెల్లవార్ల పాట యొక్క చోటు ఖాళీ అయినది. గీత క్యాసెట్టు పోయి అందులో కూర్చున్నది. అదియు తత్వమే, ఇదియు తత్వమే; అక్కడను తెలుగే, ఇక్కడను తెలుగే. పైగా పాడువాడు పోయినవాడు. భజనలో పుట్టిన కంఠము మరల భజనవారి పనికే వచ్చినది. ఇందులో ఒకరి కుట్రయు లేదు, కంపెనీవారి వ్యాపారమును లేదు.

ఆ కంఠమునకు కూడ కొంత బాధ్యత కలదని చెప్పవలెను. 1953 దేవదాసు మొదలుకొని తెలుగువారు తమ దుఃఖమునంతయు ఆయన గొంతులోనే దాచుకొన్నారు. పూవుల ఏడ్పు, కుంతి ఏడ్పు, తాగుబోతు ఏడ్పు, అన్నియు ఆయనవే. సుఖమైన పాటలు అంతకంటె ఎక్కువ పాడినారు, మాయాబజారు మాటేమి? అయినను చావింట ఓదార్చుటకు ఎవరిని పిలువవలెనని వెదకినప్పుడు జనులకు ఆయనే తోచినాడు.

ఇచ్చట ఒక విచిత్రము చెప్పక తప్పదు. ఘంటసాలవారి గొంతు మన ఇరుగుపొరుగు కన్నడిగులకు కూడ బాగుగా తెలియును. 1965లో రాజ్‌కుమార్‌గారు నటించిన కన్నడ సత్య హరిశ్చంద్రలో, కులములలో హెచ్చేది తగ్గేది అని అడుగు పాట ఆయన పాడినదే. సంగీతము పెండ్యాల నాగేశ్వరరావుగారిది. కథలో ఆ పాట పాడువాడు ఎవరు? కాటి యజమాని వీరబాహుడు! కన్నడ రాజ్యోత్సవములలో, పెండ్లి ఆర్కెస్ట్రాలలో ఆ పాట పెట్టి పిల్లలు చిందులు వేయుదురు. కాటికాపరి పాట పెండ్లికి పోయినది, బ్రతికినవానికి చెప్పిన గీత కాటికి పోయినది. గొంతు ఒక్కటే. ఏ పాట ఎక్కడికి పోవునో పాడినవాడు నిర్ణయింపజాలడనుటకు ఇంతకంటె నిదర్శనము మాకు దొరకలేదు.

సరే, అందువలన వచ్చిన నష్టమేమి అని అడుగవచ్చును. లోకములోని నష్టము మాకు తెలియదు. మన వలసవారి నష్టము తెలియును. మన పిల్లలు చదువునది కన్నడము, ఇంగ్లీషు. అది తప్పు కాదు. ఈ నేల అన్నము తినుచు ఈ నేల భాష నేర్వకుండుట మర్యాద కాదు. ఇంట మాట్లాడు తెలుగు మాత్రము అరువదంతస్తుల మేడ మెట్లవలె ఏటేట ఒక్కొక్కటి దిగుచున్నది. 'వండితివా, తింటివా, బండి వచ్చెనా' అన్నంత వరకు వచ్చి నిలిచినది. 'కర్తవ్యము' అను మాట, 'నిశ్చలము' అను మాట తప్పులేక పలికి, వాక్యములో పెట్టి, అర్థము తెలియునట్లు వారి చెవిని వేయువారెవరు? పుస్తకమిచ్చిన చదువలేరు. పండితుని తెచ్చుటకు మన సంఘమునకు శక్తి చాలదు. ఒక్క గంట సేపు చక్కని తెలుగు వచనము పలుకు కంఠము మన యింటనే ఉన్నది, ఖర్చు లేదు. దానిని మాత్రము పిల్లలు వినినంతనే చెవులు మూసికొందురు. వారికి అది చావు మ్రోత. సినిమాలలో హాస్యగాండ్రకు కూడ ఆ గీత రెండు క్షణములు వినిపించినచో చాలును, ఎవనికో మూడినదని హాలంతయు నవ్వును.

కిందటి సంవత్సరము మారికుప్పము బండిలో ఒక ప్రయాణికుని ఫోను గీతతో మ్రోగినది. పెట్టెలో మాటలు ఆగిపోయినవి. ఎదుట కూర్చున్న ఆసామి పాపము లేచి తన సీటు ఇచ్చి, "ఎవరన్నా, మీ యింట?" అని మెల్లగా అడిగినాడు. ఫోనువాడు తెల్లబోయి, "ఎవరూ కాదన్నా, మా మేస్త్రీ" అన్నాడు. సీటు మాత్రము వదలలేదు.

అయితే చావింట గీత పెట్టువారిని ఎగతాళి చేయుట మాకు సమ్మతము కాదు. ఈ మాట గట్టిగా చెప్పుచున్నాము. స్వస్థలములో ఒకరు పోయినచో ఊరు ఊరంతయు వచ్చును. వలసవచ్చిన చోట ఏమగును? నాలుగు తెలుగు ఇండ్లు గల రైల్వే క్వార్టర్సులలో అర్ధరాత్రి ఒక పెద్దామె కన్ను మూసినది. కొడుకు డ్యూటీలో దూరముగా నున్నాడు. బంధువులు చిత్తూరు అవతల నుండి రావలెను; వచ్చుసరికి తెల్లవారి పది గంటలగును. ఏడ్చుటకు తగినంతమంది లేరు. మంత్రము చెప్పువారు లేరు. ఎవరో ఫోనులో గీత పెట్టి, ధ్వని పెరుగుటకు స్టీలు చెంబులో నిలిపినారు. తెల్లవారు దాక ఆ గది మూలన తెలుగు మాట ఆగలేదు. ఆ రాత్రి ఆ చెంబులోని గొంతు చేసిన పని మా నలుగురు ఇండ్లవారమును కలిసి చేయలేకపోతిమి. ఒక రికార్డునకు ఇంతకంటె గొప్ప సమీక్ష ఏ పత్రిక వ్రాయగలదు? తమవారిని సాగనంపుటకు ఇంతకంటె మేలైనది తమ వద్ద లేదని ఒక జాతి జాతియంతయు ఒప్పుకొన్న రికార్డు మరియొకటి ఉన్నదో లేదో మేమెరుగము. ఆ గౌరవమే దానికి తక్కిన తలుపులన్నియు మూసివేసినది. ఇదియే ఈ చరిత్రలోని చిక్కు.

ఈ మధ్యకాలమున ఎల్. వి. గంగాధర శాస్త్రిగారు ఏడువందల శ్లోకములును పూర్తిగా, తెలుగు తాత్పర్యముతో పాడినారు. మంచి పని. పూర్తి గీత కావలసినవారికి అది కలదు. అయినను మనవారి చెవికి 'గీత' అనగానే తోచునది ఆ పాత నూరు శ్లోకముల గొంతే. 2022లో ఘంటసాలవారికి నూరేండ్లు నిండినవి. ఆ సంవత్సరము ఎక్కడ చూచినను ఆయన పాటలే. సభలలో గీతను మాత్రము, ప్రార్థనగా ఒక శ్లోకము తప్ప, ఎవరును సాహసించి పెట్టలేదని మాకు తెలిసిన కొందరు చెప్పినారు.

మన సంఘములో జరిగిన సంగతి సభ్యులకు తెలియనిది కాదు. కిందటి ఉగాది నాడు మామిడాకులు కట్టుచుండగా మైకు కుర్రవాడు సెట్టు సరిచూచుటకు గీత పెట్టినాడు. వంటశాలలో ఒబ్బట్లు ఒత్తుచున్న అవ్వగారొకరు పిండి చేతులతోనే పరుగున వచ్చి, "ఎవరు పోయినారు నాయనా?" అని అడిగినారు. ఎవరును కాదని తెలిసిన తరువాత ఆమెకు వచ్చిన కోపము మనమందరము చూచితిమి. ఏడాది మొదటి దినమున అపశకునమన్నారు. కొందరు యువకులు గీత అపశకునమెట్లగునని వాదించినారు. వాదము చిత్రాన్నము చల్లారు దాక సాగినది.

ఈ ఉగాదికి సంఘమువారు కూర్చుండి మాటలాడినారు. మేము కూడ ఉంటిమి. ఆ అవ్వగారే పెద్దరికము వహించినారు. వాదించిన యువకులు రికార్డంతయు పెట్టవలెననిరి, ఆమె అక్కరలేదన్నారు. చివరకు మూడవ అధ్యాయములోని, అనగా కర్మయోగములోని, భాగము మాత్రము పది నిమిషములు పెట్టుటకు ఒప్పుకొనినారు. తాత్పర్యము వచ్చిన ప్రతిచోట రికార్డు ఆపి పిల్లలలో ఒకరు లేచి ఆ మాటలు తిరిగి చెప్పవలెను. తెలుగు అక్షరములు రానివారు కన్నడ లిపిలో వ్రాసికొని చదువవచ్చును. కాగితములు మా ఇంటనే తయారగుచున్నవి. అవ్వగారు పెట్టిన షరతులు రెండు. పంచాంగ శ్రవణము ముందు జరుగవలెను, ఉగాది పచ్చడి అందరి నోట పడిన తరువాతనే మైకు విప్పవలెను. ఈ రెండును సంఘమువారు ఏకగ్రీవముగా అంగీకరించినారు. పిల్లలను తొమ్మిదిన్నరకెల్ల పంపవలసినదిగా తల్లిదండ్రులకు మనవి.